ఇసుక రెండుసార్లు ఒకేలా పడదు

మా ఎదురింటి మావయ్య పోయి ఇంకా నెల తిరగలేదు. ఒక మంగళవారం పొద్దున్న టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. నేను అప్పుడే స్టూడియో షట్టరు ఎత్తుతున్నాను. అత్తయ్య ఫోను చేసింది. "మీ మావయ్య ఎల్లిపోనారే అమ్మా," అంది. ఆవిడే మళ్లీ, "కంగారుపడి బండి స్పీడుగా తోలకు, నెమ్మదిగా రా. ఇక్కడ తొందరేటీ లేదు," అంది. నేను షట్టరు సగంలోనే వదిలేసి వెళ్లిపోయాను. అది అలా సగం లేచే ఉందని పక్క కొట్టువాళ్లు సాయంత్రం చెప్పేదాకా నాకు గుర్తు రాలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. క్యాంప్ 1లో మా సందులో ఉన్నవాళ్లలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ. ఎదురింటివాడు మావయ్య, పక్కింటివాడు పెదనాన్న. హిందీ వాళ్లకి మాత్రం ఆయన 'ల్యాబ్‌వాలే అంకుల్'. రిటైరయ్యేదాకా ప్లాంటు ల్యాబులో పనిచేశారు. మా నాన్న మిల్లులో. ఇద్దరూ ఒకే షిఫ్టులో ఉంటే సైకిళ్లు రెండూ ఒకేసారి సందులోకి తిరిగేవి.

నేను ఫోటోలు తీసి బతుకుతున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు, అప్పుడప్పుడు హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల వాళ్ల క్యాటలాగులకి నట్లూ బోల్టులూ. ఈ పనిలో నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట ఆయన ఉండగా చెప్పలేదు. చెబితే, "ఏటి, భాషణ్ ఇస్తన్నావేటి?" అని వెక్కిరించేవారు.

ల్యాబులో ఆయన పని ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పరీక్ష కోసం కావాలని విరగ్గొట్టిన ఉక్కు ముక్కలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. విరిగిన చోట ఉక్కు ఎలా ఉందో మైక్రోస్కోపులో చూసి, ఫోటో తీసి, రిపోర్టు రాయాలి. ఒకరోజు ఆయన అలాంటి ఫోటో ఒకటి ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి, ఇదేంటో చెప్పమన్నారు. గుట్టలు, లోయలు, గాలికి ముడతలు పడ్డట్టున్న వాలులు. "ఎడారి," అన్నాను. ఆయన చిటికెన వేలి గోరు చూపించారు. "ఇంతే ఉన్నాది ఆ ఎడారి. రోజూ ఇందులోనే తిరుగుతన్నాను. అసలుది మాత్రం ఒక్కసారీ చూళ్లేదు," అన్నారు.

ఆ గోరంత ఎడారితో ఒక చిక్కు ఉంది. మైక్రోస్కోపులో గుట్ట కొన మీద ఫోకస్ పెడితే లోయ మసకబారుతుంది, లోయ మీద పెడితే కొన మసకబారుతుంది. అందుకని ఆయన ముక్కని కదపకుండా, ఫోకస్ మరను ఒక్కొక్క గీత తిప్పుతూ, ఆరేడు ఫోటోలు తీసేవారు. తర్వాత కత్తెర తీసుకుని ప్రతి ప్రింటులో స్పష్టంగా వచ్చిన భాగం మాత్రం కత్తిరించి, అట్ట మీద పక్కపక్కన జిగురుతో అంటించేవారు. అప్పుడు గుట్టా లోయా రెండూ తేటగా కనబడేవి. ల్యాబులో మిగతావాళ్లు నవ్వేవారట, డ్యూటీ టైములో దర్జీ పని చేస్తున్నాడని.

ఆ దర్జీ పనే ఒకసారి మా ఇంట్లోనూ చేశారు. మా నాన్నమ్మ ఎప్పుడూ గుమ్మానికి లోపలి పక్కన కూర్చునేది. మా ఇల్లు చీకటి కొట్టు, బయట సందులో కళ్లు చెదిరే ఎండ. ఆవిడ ఫోటో తీస్తే సందు తెల్లగా కాలిపోయేది. సందు తీస్తే ఆవిడ చీకట్లో కలిసిపోయేది. మావయ్య కెమెరాను స్టూలు మీద కదలకుండా పెట్టి, ఒకటి లోపలి వెలుతురుకి, ఒకటి బయటి వెలుతురుకి తీశారు. రెండో ఫోటోలోంచి గుమ్మం మేరకు కత్తిరించి మొదటిదాంట్లో అతికించారు. నాన్నమ్మా ఉంది, వెనక సందులో ఆరేసిన బట్టలూ ఉన్నాయి. సందంతా వచ్చి చూశారు. నాన్నమ్మ మాత్రం, "నా ఇంట్లో ఇంత ఎలుగు ఎప్పుడున్నాదిరా?" అని దబాయించింది.

"ఒక్క ఫోటోకి అన్నీ కనబడవు. దేనికి ఏది బాగా కనబడిందో, అది దాని దగ్గర తీసుకో." ఇది ఆయన మాట. ఫోటోల గురించే కాదు, కుళాయి దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నప్పుడు కూడా ఇదే అనేవారు. ముందు ఒకావిడ ఇంటికి, తర్వాత రెండో ఆవిడ ఇంటికి వెళ్లి కూర్చుని మొత్తం వినేవారు. తీర్పు ఏమీ చెప్పేవారు కాదు. ఇద్దరి ఇళ్లలోనూ టీ తాగి వచ్చేసేవారు.

నాకు ఓపిక తక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. స్కూల్లో హిందీ, వీధిలో హిందీ, తెలుగు అక్షరాలు ఎవరు నేర్చుకుంటారని ఎగిరేదాన్ని. ఆయన ల్యాబు నోటుబుక్కు అంతా తెలుగులో ఉండేది. ఏ వెలుతురుకి ఎంతసేపు, ఏ గీత దగ్గర ఏం కనబడింది, అన్నీ. కెమెరా పట్టుకోవడం మొదలుపెట్టాక నాకు ఆ పుస్తకం కావాల్సి వచ్చింది. "హిందీలో రాసి ఇవ్వు మావయ్యా," అంటే, "పుస్తకం ఇక్కడే ఉన్నాది, నువ్వు ఇక్కడే ఉన్నావు. సదువుకో," అన్నారు. ఇప్పుడు ఈ నాలుగు పేజీలు తెలుగులో రాస్తున్నానంటే ఆ మొండి మనిషి వల్లే.

డిజిటల్ కెమెరాలు వచ్చి, ఆయన కత్తెర పనిని కంప్యూటరు రెండు నిమిషాల్లో చేసి చూపించిన రోజు ఆయన మొహం చూడాల్సింది. నేను స్టూడియోలో ఒక నట్టుకి పది ఫోటోలు తీసి కలిపి చూపించాను. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారని, నాన్నమ్మ ఫోటోకి చేసినదాన్ని ఎక్స్‌పోజర్ బ్లెండింగ్ అంటారని పెద్ద గొప్పగా చెప్పాను. ఆయన అంతా విని, "ఓలమ్మా! మనం చేసీదానికి పేరు కూడా ఉన్నాదన్నమాట," అన్నారు.

రిటైరైన కొన్నేళ్లకి ఆయనకి చూపు తగ్గడం మొదలైంది. రాయపూర్‌లో కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, చూపు మధ్యభాగం మెల్లగా పోతుందని, అంచుల చూపు మిగులుతుందని చెప్పాడు. ఇంటికొచ్చి నన్ను ఎదురుగా నిలబెట్టి చూశారు. "నీ చెవులు రెండూ బాగున్నాయి గానీ, మధ్యలో ముక్కు ఏదే?" అన్నారు. నేను నవ్వలేకపోయాను. అప్పుడు ఆయన మామూలు గొంతుతో ఒక మాట చెప్పారు. "ఒక్క ఫోటో కావాలమ్మా. ఎడారిది. కాళ్ల దగ్గర ఇసక నుంచి ఆ చివరి తిన్నె దాకా ఎక్కడా మసగ ఉండకూడదు. కళ్లు పూర్తిగా పోకముందు అది ఒక్కటీ సూసీయాలి."

మా సందులో అన్నిటికన్నా దూరంగా కనబడేది ఎదురింటి గోడ. ప్లాంటులో పొగ, ల్యాబులో గోరంత ముక్క. ఆయన కోరిక నాకు వెంటనే అర్థమైంది. తీసుకెళ్తానని మాట ఇచ్చేశాను. నేను అప్పటికి ఎడారి కాదు కదా, పక్క ఊరు కుమ్హారి దాటి ఏ పనికీ కెమెరా తీసుకెళ్లలేదు.

దుర్గ్‌లో రైల్వేలో పనిచేసే మావయ్యా వాళ్లబ్బాయి టిక్కెట్లు చేయించాడు. జైసల్మేరుకి ముగ్గురం బయల్దేరాం, మావయ్య, అత్తయ్య, నేను. మావయ్య హథ్‌ఖోజ్‌లో తెలిసినవాళ్ల వర్క్‌షాపులో మూడు ఉక్కు బిళ్లలు కోయించి తెచ్చారు, కెమెరా స్టాండు కాళ్లు ఇసుకలో దిగబడకుండా కింద పెట్టడానికి. ఒక్కోటి పళ్లెం అంత. ఆ బరువంతా మోసింది నేను. అత్తయ్య పులిహోర, చేగోడీలు, మరచెంబు, ఇంకా ఎందుకో ఒక దుప్పటీ తెచ్చింది. ఎడారికి దుప్పటి ఎందుకత్తా అని నవ్వాను. మొదటి రోజు పొద్దున్నే ఆ దుప్పటి కప్పుకుని వణికింది కూడా నేనే.

మొదటి రోజు గాలి. ఇసుక లేచి లెన్సు మీద పడుతుంటే మూత తియ్యనే లేదు. మావయ్య మాత్రం తిన్నె ఎక్కి గుప్పెడు ఇసుక పట్టుకుని, కళ్లకి పక్కగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "అచ్చం మా ముక్కల్లాగే ఉన్నాదే," అన్నారు అత్తయ్యతో. అత్తయ్య, "ఇది సూడ్డానికి ఇంత దూరం రావాలేటండీ?" అంది.

రెండో రోజు సాయంత్రం గాలి తగ్గింది. వెలుతురు బంగారంలా ఉంది. బిళ్లలు పరిచి స్టాండు నిలబెట్టాను. దగ్గర నుంచి దూరానికి ఫోకస్ జరుపుతూ ఎనిమిది ఫోటోలు, ఆకాశం కోసం ఇంకో రెండు, ఇదీ లెక్క. మావయ్య మడత స్టూలు మీద నోటుబుక్కు తెరిచి, లావు స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు వేస్తున్నారు. నేను ఒకటి తీయగానే, "ఆగు. రాసుకోనీ," అనేవారు. రాసేవారు. చదివి సరిచూసుకునేవారు. "ఊఁ, ఇప్పుడు రెండు," అనేవారు. అత్తయ్య, "ఎండ పోతన్నాదండీ," అంది. "పద్ధతి పద్ధతే," అన్నారు ఆయన. నాకూ అది తప్పని తోచలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని, నాకూ అదే పద్ధతి.

లాడ్జికి వచ్చి లాప్‌టాపులో పది ఫోటోలూ కలిపితే, తిన్నె నీడ అంచు ఒక్క గీతగా లేదు. మెట్లు మెట్లుగా, దువ్వెన పళ్లలా వచ్చింది. మొదటి ఫోటోకీ చివరి ఫోటోకీ మధ్య నీడ రెండు మూరలు జరిగిపోయింది. మావయ్యకి చెప్పాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. "ముప్పై ఏళ్లు ల్యాంపు కింద పనిచేసినోణ్ణి. ఎక్కడ పెడితే అక్కడే ఉండీది ఆ ల్యాంపు. సూరీడు డ్యూటీ దిగి ఎల్లిపోతాడని తోచలేదు సూడు!" నాకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు మధ్యాహ్నమే మా బండి. మిగిలింది ఒక్క పొద్దు.

మూడో రోజు చీకటి విడుతుండగానే తిన్నె దగ్గరున్నాం. మావయ్య నోటుబుక్కు తనే సంచిలో పెట్టేశారు. "ఇయాల రాయను. లెక్కెడతాను. నేను అంకె అనగానే నువ్వు తిప్పు, నొక్కు," అని నా వెనక నిలబడ్డారు. సూర్యుడు పక్కనుంచి తగలగానే ఇసుక మీది ప్రతి ముడతా లేచి నిలబడ్డట్టయింది. ముందు ఒక్క అడుగు ముద్ర కూడా లేదు. "ఒకటి," అన్నారు. నొక్కాను. "రెండు." "మూడు."

అప్పుడు మా ఎడమ పక్క నుంచి ఒక మనిషి నడుచుకుంటూ సరిగ్గా ఫోటోలోకి వచ్చాడు. చేతికర్ర, ఎర్ర తలపాగా. తప్పిపోయిన మేకను వెతుక్కుంటున్నాడని తర్వాత తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఓ భయ్యా! హటో! హటో ఉధర్ సే!" అని గొంతు చించుకుని అరిచాను. పాపం ఆయన హడలిపోయాడు. పక్కకి తప్పుకోవాల్సినవాడు కాస్తా ఎదురుగా తిన్నె మీదికి పరిగెత్తాడు. ఆ నున్నటి ఇసుక మీద అడుగులే అడుగులు. పైకెక్కి, అంచు మీద నిలబడి, వెనక్కి తిరిగి చూశాడు.

"నాలుగు," అన్నారు మావయ్య.

"ఏం నాలుగు మావయ్యా, అంతా పాడైపోయింది!"

"ఆపకు. నాలుగు."

ఏడుస్తూనే తిప్పాను. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఆకాశానికి రెండు. ఇంకో తిన్నె వెతుక్కునేసరికి ఎండ ముదిరిపోతుంది. నేను ఇసుకలో కూలబడ్డాను. "నువ్వు నోరు మూసుకుంటే పక్కనించి పోయీవోడు కదే," అన్నారు మావయ్య, ఏమీ కోపం లేకుండా. ఈలోపు అత్తయ్య ఆ తలపాగా మనిషిని చెయ్యూపి పిలిచి ఆకులో పులిహోర పెట్టింది. ఆయన ఒక ముద్ద తిని, పులుపుకి మొహం ముడిచి, మర్యాదకి మొత్తం తిన్నాడు. ఏం ఫోటో తీస్తున్నారని అడిగాడు. "సబ్ కుచ్," అన్నారు మావయ్య. "సబ్ కుచ్? ఏక్ హీ మే?" అన్నీ ఒక్కదాంట్లోనేనా అని ఆయన పడీ పడీ నవ్వాడు.

ఇంటికొచ్చాక నేను చేసిన పని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఫోటోలు కలిపితే దగ్గరి ఇసుక అంతా శుభ్రంగా ఉంది, ఎందుకంటే మొదటి మూడూ ఆ మనిషి రాకముందు తీసినవి. మధ్యలో ఉన్నట్టుండి అడుగులు మొదలై పైదాకా వెళ్లాయి. పైన ఆ మనిషి. ఎవరో ఆకాశంలోంచి మధ్యలో దిగి నడిచినట్టుంది. మావయ్య కోరుకున్న ఎడారి ఇది కాదనుకున్నాను. వారం రోజులు కూర్చుని, పక్కనున్న ఇసుకను తెచ్చి అడుగుల మీద కప్పాను. మనిషిని తీసేశాను. నాలుగడుగుల ప్రింటు వేశాను. చూస్తే నాకే కళ్లు చెదిరాయి, అంత బాగుంది.

"మేకలాయన ఏడే?" అని అడిగారు మావయ్య, ప్రింటు గోడకి తగిలిస్తుంటే.

"ఫ్రేములో పడలేదు మావయ్యా," అన్నాను.

ఫోటోకి అద్దం వెయ్యనివ్వలేదు. "మెరుస్తాది. నాకు కనబడీదే కొంచెం," అన్నారు. రోజూ మధ్యాహ్నం భోంచేసి, ల్యాబు భూతద్దం పట్టుకుని, తల పక్కకి వంచి, కంటి కొసతో ఆ ఫోటో చూసేవారు. ఎడమ పక్క కింది మూల నుంచి మొదలుపెట్టి, రోజుకి జానెడు. పేపరు చదివినట్టు వరసగా చదివేవారు. నేను స్టూడియో నుంచి రాగానే ఆ రోజు ఎక్కడిదాకా వచ్చారో చెప్పేవారు. నాకు గర్వంగా ఉండేది.

ఆరో రోజు నేను వచ్చేసరికి భూతద్దం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "ఇలా రా," అన్నారు. ఫోటో మధ్యలో ఒకచోట వేలు పెట్టారు. తర్వాత దానికి బెత్తెడు దూరంలో ఇంకోచోట పెట్టారు. "ఈ ముడతా, ఈ ముడతా ఒకటే. ఈ గుంటా, ఆ గుంటా ఒకటే. ఇసక రెండుసార్లు ఒకేలాగ పడదమ్మా."

కళ్లు బాగున్నవాళ్లు వందమంది చూసి ఆహా అన్న ఫోటో అది. మధ్య చూపు లేని మనిషి కంటి కొసతో పట్టుకున్నారు. జన్మంతా ఆ గుట్టల్లో తిరిగిన మనిషి దగ్గర ఇసుక దాచాలనుకున్నాను చూడండి.

"నాకు కళ్లు పోతన్నాయని శుభ్రం చేసి ఇచ్చావేటి?" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నేను అన్నీ చెప్పేశాను. అబద్ధం ఆడానని కూడా చెప్పాను. ఆయన, "ఆ మనిషి మన పులిహోర తిన్నాడే," అన్నారు. "ఆణ్ణి ఎలా తీసీసావే?"

ఆ ఆదివారం స్టూడియో తెరవలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పది ఫోటోలు, దేనికి ఏది బాగా కనబడిందో అది దాని దగ్గర. ఎక్కడా ఏదీ కప్పలేదు. నాకు తొందర, భయం. చూపు రోజురోజుకీ తగ్గుతోంది, ఆయన పెద్ద అక్షరాలు కూడా చదవలేకపోతున్నారు. రెండో ప్రింటు తగిలించిన రోజు ఆయన మళ్లీ ఎడమ పక్క కింది మూల నుంచి మొదలుపెట్టారు. ఈసారి రోజుకి బెత్తెడే సాగింది. నేను రోజూ సాయంత్రం గుమ్మం దాకా వెళ్లి, అడగడానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను మా ఇంట్లో అన్నం తింటుంటే సందు దద్దరిల్లేలా కేక వినబడింది. "దొరికాడే!"

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. ఆయన భూతద్దాన్ని తిన్నె అంచుకి ఆనించి పట్టుకుని నవ్వుతున్నారు. "నోరు తెరుచుకొని ఉన్నాడే! నిన్నే తిడతన్నాడు!" అన్నారు. తర్వాత అడుగులు ఎక్కడ మొదలయ్యాయో చూపించి, అంతకుముందు అడుగులు ఏమయ్యాయని అడిగారు. మొదటి మూడు ఫోటోలు ఆయన రాకముందువి మావయ్యా, దగ్గరి ఇసుక వాటిలోంచి వచ్చింది అన్నాను. "అచ్ఛా. ఆడు రాకముందుదీ నిజమే, వొచ్చిన తర్వాతదీ నిజమే," అన్నారు. భూతద్దం కింద పెట్టి, ఫోటో మొత్తం మీద ఒకసారి అరచేయి తిప్పి, "మసగ ఎక్కడా లేదమ్మా," అన్నారు. నేను అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం మళ్లీ కలగలేదు.

ఆ తర్వాత ఆయన చూపు డాక్టరు చెప్పినట్టే తగ్గిపోయింది. చివరి రెండేళ్లూ మనిషిని గొంతు బట్టే గుర్తుపట్టేవారు. కానీ ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడైనా, గ్యాసు బండ తెచ్చినవాడైనా, ఫోటో ముందు నిలబెట్టి చూపించేవారు. ఇక్కడ పురుగు నడిచిన గీత, ఇక్కడ ఎండు పొద, ఇదిగో మేకలాయన అని వేలు పెట్టేవారు. ఒక్కసారి కూడా తప్పు చోట పెట్టలేదు.

నేనూ కొంచెం మారాను. ఇప్పుడు నా స్టూడియోలో ఎవరి మొహం మీద మచ్చా అడక్కుండా తుడిచెయ్యను. మొన్న ఒక పెళ్లికూతురి తల్లి, పిల్ల గడ్డం మీద కుట్ల మచ్చ తీసెయ్యమంది. ముందు పిల్లని అడిగాను. "ఉండనీ దీదీ, చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాను," అంది. ఉంచేశాను.

పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక వాళ్లబ్బాయి ఫోటో దగ్గర నిలబడి, "దీదీ, ఇది బాగా మాసిపోయింది. నయా ప్రింట్ ఏసి, గ్లాస్ ఫ్రేమ్ కట్టించీద్దాం. నాన్న గుర్తుగా బాగుంటాది," అన్నాడు. సరే అన్నాను. కొలత తీసుకోవడానికి టేపు పట్టుకుని ఒక పక్కన గోడకి ఆనుకుని ఒంగాను. మా సందులో మధ్యాహ్నం అరగంట సేపే ఎండ ఇళ్లలోకి వస్తుంది. ఆ ఎండ ఏటవాలుగా ఫోటో మీద పడుతోంది. అప్పుడు కనబడింది నాకు.

మెరుపు లేని కాగితం అది. దాని మీద వేలెడు వెడల్పున ఒక దారి నున్నగా మెరుస్తోంది. చూపు పోయాక ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు రోజూ వేలితో నడిచిన దారి. ఎదురుగా నిలబడితే కనబడదు. నేను అత్తయ్యని పిలిచాను. "ఏటమ్మా?" అంటూ వచ్చి నా పక్కన నాలాగే ఒంగి, చెంప గోడకి ఆనించి చూసింది. "గ్లాసూ వద్దు, కొత్తదీ వద్దు. ఇలాగే ఉండనీ," అంది. తర్వాత ముక్కు చీది, "చలికాలం ఎళ్దామా మళ్లీ? నా కళ్లు బాగానే ఉన్నాయి. ఈసారి నాకు తీసి పెట్టు," అంది. టిక్కెట్లు చెయ్యమని వాళ్లబ్బాయికి అక్కడే చెప్పేసింది కూడా.

ఎండ ఇంకా ఫోటో మీదే ఉంది. ఆ మెరిసే దారి అడుగులు మొదలైన చోట మొదలవ్వలేదు. ఫోటో కింది అంచు నుంచే, ఒక్క అడుగు ముద్రా లేని ఇసుక మీద నుంచి బయల్దేరింది. మధ్యలో ఆ మనిషి అడుగులను కలుసుకుని, వాటి వెంటే తిన్నె ఎక్కి, అంచు మీద ఆయన్ని చేరుకుంది. అక్కడా ఆగలేదు. ఆయన్ని దాటి, ఆ తిన్నెకి అవతల ఖాళీ ఆకాశంలోకి ఇంకో బెత్తెడు వెళ్లింది.